పాత ట్రావెలర్ క్యాంపర్ అడుగంతా తుప్పు: నల్ల కోటింగ్ కొట్టించెయ్యొచ్చా?

ఉప్పుగాలి_మలికిపురం:

2008 మోడల్ టెంపో ట్రావెలర్ అండి, డీజిలు. లోపల మంచం, వంటగట్టు, 80 లీటర్ల మంచినీళ్ల ట్యాంకు, అడుగున వాడిన నీళ్ల ట్యాంకు పెట్టి క్యాంపర్‌గా మార్చిన బండి. తిరిగేది ఎక్కువగా అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం బీచిల వైపు. మిగతా రోజులు కొబ్బరితోటలో మట్టి మీద ఆగి ఉంటుంది.

ర్యాంపు ఎక్కించి చూస్తే పాత నల్ల కోటింగ్ చాలాచోట్ల ఉబ్బి ఉంది. గోరుతో లాగితే తోలులా ఊడొస్తోంది, వెనకాల ఎర్రటి పొడి. పొడవు మెంబర్ల మీద (బండి బరువు మోసే బోలు ఇనుప దూలాలు) సుత్తితో కొడితే ఎక్కువచోట్ల ఖంగుమంటోంది గానీ, ఎడమ వెనక చక్రం వెనక రెండుచోట్ల మొద్దు చప్పుడు. అక్కడ ఫ్లోర్ రేకులోకి స్క్రూడ్రైవర్ దిగిపోయింది, రూపాయి బిళ్లంత చిల్లు. వీల్ ఆర్చ్ (చక్రం పైన వంపు రేకు) లోపల పెచ్చులూడుతోంది.

షెడ్డులో ఇచ్చిన సలహా: పొద్దున్న వాటర్ సర్వీసింగ్, సాయంత్రానికి రబ్బర్ కోటింగ్, ఒక్కరోజులో అయిపోతుంది అని. ఇంకోచోట కాలిన ఇంజన్ ఆయిల్ కొట్టించుకుంటే చాలన్నారు. ఏది సరైనది? బాక్సు మెంబర్ల లోపలికి ఎలా చేరాలి? రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి మళ్లీ ఫిట్‌నెస్ చూపించాలి కాబట్టి మసిపూసి మారేడుకాయ చేసే పని వద్దు.


రేకుపని_రావులపాలెం:

ఒక్కరోజు పని మాత్రం ఒప్పుకోకండి. పొద్దున్న తడిపి సాయంత్రం పూత వేస్తే అతుకుల్లో నీళ్లు లోపలే బందీ అయిపోతాయి. మీ పాత కోటింగ్ తోలులా ఊడటానికి కారణం అదే. తారు, రబ్బరు రకం పూతలు మంచి రేకు మీద వేస్తే మంచివే. తుప్పు మీద వేస్తే అంటుకునేది తుప్పుకే, ఇనుముకి కాదు. రాయి తగిలి చిన్న పగులు వచ్చిందా, ఉప్పునీళ్లు దూరతాయి, బయటికి రావు. పైన పటారం, లోన లొటారం. మూడేళ్ల దాకా నున్నగా నల్లగా కనబడుతుంది కాబట్టి ఎవరూ అనుమానపడరు, అదే ఇంకా ప్రమాదం.

వరస ఇలా పెట్టుకోండి.

ముందు విప్పాల్సినవన్నీ విప్పాలి: స్టెప్నీ, మడ్‌ఫ్లాపులు, చక్రాలు, వాడిన నీళ్ల ట్యాంకు, వీలైతే డీజిల్ ట్యాంకు కూడా. డీజిల్ ట్యాంకు పైభాగంలో బురద కూర్చుంటుంది, దాన్ని పట్టి ఉంచే పట్టీల కింద రబ్బరు ముక్కలు స్పాంజిలా తడి పీల్చుకుని ఉంటాయి. పట్టీ ఎప్పుడూ కనిపించని ఆ లోపలి వైపే తెగుతుంది. బండిని జాకీ మీద వదిలి కిందికి దూరకండి. నాలుగు యాక్సిల్ స్టాండ్లు కాంక్రీటు నేల మీద ఉండాలి. ఇటుకలు, కొబ్బరి మొద్దులు పనికిరావు.

పాత కోటింగ్ తీయడానికి నేరుగా గ్రైండర్ పెడితే తారు కరిగి బ్రష్షుకీ రేకుకీ పూసుకుపోతుంది. హీట్ గన్‌తో మెత్తబరచి పుట్టీ పట్టీతో గీకండి. లోపల ప్లైవుడ్, థర్మాకోల్ ఉంటాయి గనక ఒకేచోట వేడి నిలపొద్దు, గ్యాస్ మంట అసలే వద్దు. మిగిలిన జిగురుని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆ జిడ్డు పోయేలా తర్వాత థిన్నర్‌తో శుభ్రంగా తుడవాలి. గట్టిగా అంటుకుని ఉన్న పాత పూతని పీకక్కర్లేదు. అంచుల్ని 80 నంబర్ ఎమరీతో దిగదీసి వదిలెయ్యొచ్చు.

ఆ తర్వాత గ్రైండర్‌కి వైర్ కప్ బ్రష్. పెచ్చులు మందంగా ఉన్నచోట ముందు చిప్పింగ్ సుత్తి. ఫ్లాప్ డిస్క్ సరదాగా పనిచేస్తుంది గానీ తుప్పుతోపాటు మంచి ఇనుముని కూడా తినేస్తుంది. ఫ్లోర్ రేకు మందమే మిల్లీమీటరు చుట్టుపక్కల. కళ్లద్దాలు, మాస్కు తప్పవు. తలెత్తి చేసే పని, పొడంతా మొహం మీదే పడుతుంది.

చిల్లుల సంగతి. రూపాయంత చిల్లు అంటే చుట్టూ అరచేయంత రేకు పలచబడి ఉందని లెక్క. స్క్రూడ్రైవర్ దిగనంత వరకూ పొడుచుకుంటూ వెళ్లి, అక్కణ్నించి ఇంకో అంగుళం బయటికి కోయించండి. అదే మందం రేకుతో, అంటే ఫ్లోర్‌కి 18 గేజ్ (1.2 మి.మీ.), మిగ్ వెల్డింగుతో (సన్న తీగ, గ్యాసు వాడే రకం) అతుకు వేయించాలి. మామూలు ఆర్క్ వెల్డింగ్ పలచటి రేకుని కాల్చి ఇంకో చిల్లు పెడుతుంది. పొడవు మెంబరుకైతే దాని అసలు మందమే కొలిచి వేయాలి. ఫైబర్ మ్యాట్, ఎం-సీల్, పుట్టీ లాంటివి ఫ్లోర్‌లో నీళ్లు ఆపుతాయేమో గానీ బరువు మోసేచోట పనికిరావు. బ్రిటన్‌లో ఏటా బళ్లు తనిఖీ చేసేటప్పుడు సస్పెన్షన్, స్టీరింగ్, సీట్ బెల్టు బిగించిన చోటు నుంచి 30 సెం.మీ. లోపల ప్రమాదకరమైన తుప్పు ఉంటే ఫెయిల్ చేస్తారు. ఆ కొలత మనకీ పనికొస్తుంది: స్ప్రింగ్ హ్యాంగర్‌కి (స్ప్రింగుని చాసిస్‌కి పట్టి ఉంచే బ్రాకెట్) జానెడు దూరంలో మొద్దు చప్పుడు వస్తే పూతల మాట పక్కన పెట్టి ముందు అది చూపించండి.

వెల్డింగుకి ముందు బండి బ్యాటరీ, క్యాంపర్‌కి వేరేగా ఉంటే అదీ విప్పాలి, గ్యాస్ సిలిండరు బండిలోంచి దించెయ్యాలి, పైన ఫ్లోర్ ప్లైవుడ్ ఆ మేర ఎత్తి, తడి గోనె పరిచి ఒక మనిషిని నీళ్లతో నిలబెట్టాలి. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండరూ వద్దు, మందపాటి పూతా వద్దు. గ్రీజు పూసి ఉంచండి, తనిఖీకి తుడిస్తే కనబడాలి.


కాలవగట్టు_భీమవరం:

పై వరస బాగుంది, కానీ అన్నిటికంటే ముందు ఒక మాట: ఏ నీళ్లతో కడుగుతున్నారు?

సముద్రానికి దగ్గర ఊళ్లలో చాలా సర్వీసింగ్ షెడ్లకి బోరు నీళ్లే ఆధారం, అవి ఉప్పగా ఉంటాయి. ఉప్పు వదిలించడానికి వెళ్లి ఉప్పు పట్టించుకొస్తారు. ఆర్వో ప్లాంటు వాళ్ల దగ్గర ఉండే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూడండి. తాగేనీటికి పెట్టుకున్న హద్దు 500. దానిలోపు ఉంటే సుబ్బరంగా కడగొచ్చు. రెండు మూడు వేలు చూపిస్తే ఆ షెడ్డు వద్దు. కాలవ నీళ్లు, చెరువు మంచినీళ్లు, పంచాయతీ కుళాయి నీళ్లు మంచివి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ముందే డ్రమ్ముల్లో పట్టుకోండి. బురద వదిలాక అడుగు భాగం ఆఖరి కడుగుకి 200 లీటర్ల డ్రమ్ము ఒకటిన్నర సరిపోతుంది.

ఉప్పు ఎందుకింత మొండిదంటే, అది గాల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం తేమ చాలు. మన డెల్టాలో తేమ అంత తక్కువకి ఎప్పుడు దిగుతుంది చెప్పండి? అందుకే వాన లేకపోయినా, బండి కదలకపోయినా, అడుగున రేకు తడిగానే ఉన్నట్టు లెక్క. పైగా మీ బండికి బీచి గాలి ఒక్కటే కాదు. రొయ్యల, చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లు రోడ్డు మీద పడతాయి, వెనక వచ్చే బండి చక్రం వాటిని చిలికి పైకి కొడుతుంది. మీకు ఎడమ వెనక చక్రం వెనకే ఎక్కువ తిన్నదన్నారు కదా. రోడ్డు ఎడమ అంచున నీళ్లు నిలుస్తాయి, ఆ చక్రం వాటిలోనే నడుస్తుంది.

గ్రైండర్ కొట్టాక తళతళలాడితే ఉప్పు పోయిందనుకోకండి. గుంటల అడుగున ఉండిపోతుంది. బ్రష్ కొట్టి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్న చూస్తే ఒకే చోట మచ్చలు మచ్చలుగా చెమట పట్టినట్టు నల్లబడి ఉంటే అక్కడ ఉప్పు ఉంది. మళ్లీ బ్రష్, మళ్లీ కడుగు. బాగా తిన్నచోట మూడు సార్లు పడుతుంది. ఈ మెట్టు ఎగ్గొడితే ఎంత ఖరీదైన ఎపాక్సీ (హార్డెనర్ కలిపి వేసే గట్టి పూత) అయినా బొబ్బలెక్కుతుంది.

ప్రెషర్ గన్‌ని కరెంటు వైర్ల కప్లింగులు, యాక్సిల్ మీద ఉండే బ్రీదరు (లోపలికి గాలి ఆడే చిన్న మూత), ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల మీద దగ్గరగా కొట్టొద్దు. కడిగిన రోజే క్రాసులకి గ్రీజు గన్ పెట్టించండి.

పనికి కాలం ఫిబ్రవరి నుంచి మే. ముసురు పట్టాక ఈ పని పెట్టుకోవద్దు. రోజులో కూడా పొద్దున్న మంచు ఆరిపోయాక, పదింటికి మొదలెట్టి నాలుగింటికి ఆపేయాలి. రేకు వేడి, గాల్లో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. మీటరు లేకపోతే తడిగుడ్డతో రేకు మీద ఒక గీత గీయండి. పావుగంటలో ఆరకపోతే ఆ రోజు పూత మానేయండి.


ఉప్పుగాలి_మలికిపురం:

చాలా ఉపయోగం అండి. బోరు నీళ్ల సంగతి అసలు తట్టలేదు. మరి తుప్పు కన్వర్టర్, రెడ్ ఆక్సైడ్, ఎపాక్సీ ఈ మూడిట్లో ఏవి కావాలి? ఎంత కొనాలి? బాక్సు లోపలికి చిల్లులు వేసి కొట్టాలంటున్నారు, చాసిస్‌కి చిల్లు వేయడమంటే భయంగా ఉంది.


రేకుపని_రావులపాలెం:

ఆ భయం ఉండటమే మంచిది. మెంబర్ల పక్కగోడల్లో కంపెనీ వదిలిన రంధ్రాలు చాలా ఉంటాయి, రబ్బరు బిరడాలు పీకితే సరిపోతుంది. ఎక్కడా దారి లేకపోతేనే పక్కగోడ నడిమధ్యలో 8 లేదా 10 మి.మీ. చిల్లు వేసి, అంచుకి ప్రైమర్ రాసి, గ్రామెట్ (రబ్బరు బిరడా) పెట్టాలి. పై అంచు, కింది అంచు మడతల జోలికి పోవద్దు. బరువు లాగేదంతా అక్కడే. స్ప్రింగ్ హ్యాంగర్ల దగ్గర కూడా వద్దు.

కన్వర్టర్, అంటే తుప్పుని గట్టి పొరగా మార్చే మందు: గుంటల్లో బ్రష్షు చేరని పలచటి తుప్పుకి మాత్రమే. టానిక్ ఆసిడ్ రకమైతే నల్లబడి గట్టిపడుతుంది. పెచ్చులుగా ఉన్న మందపాటి తుప్పు మీద పోస్తే పైపొర నల్లబడుతుంది, కింద యథాప్రకారం. ఫాస్ఫారిక్ ఆసిడ్ రకమైతే డబ్బా మీద ఎలా ఉంటే అలా కడిగి ఆరబెట్టాలి; మిగిలిపోయిన ఆసిడ్ మీద ఎపాక్సీ సరిగ్గా ఎండదు. అర లీటరు చాలు.

రెడ్ ఆక్సైడ్ గేట్లకి, కిటికీ ఊచలకి. ఒంటి డబ్బా రకం తడిని తనలోంచి పోనిస్తుంది, దానిమీద పై రంగు లేకపోతే మన గాలికి ఏడాది ఆగదు. ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, రెండు డబ్బాల రకం తీసుకోండి. జింక్ ఎక్కువుండే బూడిదరంగు ప్రైమర్ పేరు విని మోసపోవద్దు, అది ఇసుకతో కొట్టి తెల్లగా చేసిన ఇనుము మీదే పనిచేస్తుంది.

లెక్క: అడుగు 5 మీటర్లు పొడవు, 1.8 వెడల్పు అనుకుంటే 9 చదరపు మీటర్లు. మెంబర్ల పక్కలు, వీల్ ఆర్చులు కలిపితే 15 అనుకోండి. బ్రష్షుతో, గుంటల రేకు మీద లీటరుకి 6 చదరపు మీటర్లే వస్తుంది. రెండు పూతలకి 5 లీటర్లు, హార్డెనర్‌తో కలిపి. కలిపే పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే, కంటితో చూసి కాదు. మన ఎండకి కలిపిన మందు డబ్బా మీద చెప్పినదానికంటే తొందరగా బిగుస్తుంది, అందుకని అర లీటరుకి మించి ఒకసారి కలపకండి. అతుకులు, మడతలు, బోల్టు తలలు ముందు బ్రష్షుతో తిప్పి తిప్పి రాసి, తర్వాత మిగతాది. గన్నుతో కొడితే అంచుల మీద పూత పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. రెండో పూత డబ్బా మీద రాసిన గడువులోపు పడాలి. గడువు దాటితే ఎమరీతో గీసి వేయాలి, లేకపోతే పొరలు విడిపోతాయి.

ఎపాక్సీ ఆరాక అతుకులకి పాలీయురేథేన్ సీలెంటు, 300 మి.లీ. గొట్టాలు నాలుగు. ఆ తర్వాత వీల్ ఆర్చుల్లో మాత్రం రాళ్ల దెబ్బకి ఆగే గరుకు కోటింగ్ ఒకటి వేయండి. మీ షెడ్డు చెప్పిన రబ్బర్ కోటింగ్‌కి సరైన చోటు ఇదే, ఎపాక్సీ పైన.


బోలుమెంబర్_కాకినాడ:

పైకి కనబడేది ఎంత బాగా చేసినా, మెంబరు తినేది లోపల్నుంచి. సుత్తికి మొద్దు చప్పుడు వచ్చిందంటే లోపల ఒండ్రు, తుప్పు పెచ్చులు కూర్చుని ఉన్నాయి. వరద నీళ్లలో ఒక్కసారి దిగిన బండికైతే గుప్పెళ్లకొద్దీ వస్తుంది. ముందు ఒక చివరి నుంచి మంచినీళ్ల గొట్టం పెట్టి, అవతలి చివర తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. కింద డ్రెయిన్ చిల్లులు సైకిల్ పుల్లతో పొడిచి తెరవండి. కంప్రెసర్ గాలి కొట్టి, కనీసం మూడు ఎండలు ఆరనివ్వండి.

లోపలికి వేయాల్సింది క్యావిటీ వాక్స్. గట్టిపడే రంగులు లోపల వద్దు. అక్కడ బ్రష్ కొట్టలేరు కాబట్టి కొంత తుప్పు మిగిలే ఉంటుంది, మెత్తగా ఉండి తుప్పులోకి పాకే మందే కావాలి. గన్నుకి మీటరు పొడవు సన్న గొట్టం, కొసన చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్నది తెచ్చుకోండి. గొట్టం చివరిదాకా దూర్చి, ట్రిగ్గర్ నొక్కి, సెకనుకి బెత్తెడు చొప్పున వెనక్కి లాగాలి. డబ్బాని వేడినీళ్ల బకెట్లో పెట్టి పలచబరచండి, పొయ్యి మీద కాదు. రెండు పొడవు మెంబర్లు, అడ్డ మెంబర్లు, గుమ్మాల కింద పెట్టెలు, తలుపుల అడుగులు కలిపి 4 లీటర్లు. డ్రెయిన్ చిల్లుల్లోంచి కారితే మంచిదే, చివరిదాకా చేరిందన్నమాట. కారడం ఆగాక మళ్లీ అదే సైకిల్ పుల్లతో చిల్లులు తెరవాలి. మర్చిపోతే మెంబరు నీళ్ల తొట్టి అవుతుంది.

బయట ఎపాక్సీ మీద లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) లేదా వాక్స్ పూత. పావు మిల్లీమీటరు మందానికి 15 చదరపు మీటర్లకి 3.75 లీటర్లు, వృథాతో కలిపి 5 కొనండి. వాక్స్ ఎప్పుడూ ఆఖరున. దాని మీద ఏదీ అంటుకోదు, దాని దగ్గర వెల్డింగ్ పెడితే మండుతుంది. వెల్డింగ్ వేసిన ప్రతి అతుకు వెనక వైపు రంగు కాలిపోయి నగ్నంగా ఉంటుంది, అక్కడికి వాక్స్ చేరిందో లేదో ప్రత్యేకంగా చూసుకోండి.

పూత పడకూడనివి: బ్రేకు డ్రమ్ములు, డిస్కులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, సైలెన్సర్, రబ్బరు బుష్‌లు, యాక్సిల్ బ్రీదరు, ఎర్త్ వైరు బిగించే చోటు. ఇంజన్ దగ్గర కవర్లు కట్టి కొట్టండి. బ్రేకు పైపులు ఇనుపవైతే రంగు వేసే ముందు గోరుతో గీకి చూడండి. గుంటలు పడితే రంగు వేయడం కాదు, మార్చడమే.

క్యాంపర్ కాబట్టి ఇంకొకటి, ఇది మాత్రం ప్రాణం మీదకొచ్చే విషయం. సిలిండరు పెట్టె అడుగున ఫ్లోర్‌కి ఒక రంధ్రం ఉంటుంది. వంటగ్యాస్ గాలికంటే బరువు, లీకైతే కిందికే దిగి అందులోంచి బయటికి పోవాలి. కోటింగ్ వేసే కుర్రాళ్లు దాన్ని పనికిరాని చిల్లు అనుకుని పూడ్చేస్తారు. ముందే చుట్టూ ఎర్ర టేపు అంటించి చెప్పండి. అది లేకపోతే ఈ పనిలోనే పెట్టించండి.


లారీబాడీ_తణుకు:

ఇంత గొడవ అవసరమా అండి? లారీలన్నీ కాలిన ఆయిల్, డీజిల్ కొట్టించుకునే తిరుగుతున్నాయి, చాసిస్‌లు బానే ఉన్నాయి.


బోలుమెంబర్_కాకినాడ:

లారీ చాసిస్ 6 నుంచి 8 మి.మీ. మందం, ఏటా పై పొర కొంచెం పోయినా తెలియదు. ఇక్కడ ఫ్లోర్ మిల్లీమీటరు. పైగా లారీలకి ప్రతి సర్వీసింగుకీ కొడతారు, ఆ ఓపిక ఉంటే సరే. కాలిన ఆయిల్‌లో ఇంజన్ వదిలిన ఆసిడ్లు ఉంటాయి, రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, దానికి అంటుకున్న దుమ్ము ముద్దగా మారి ఉప్పు బురదని పట్టి ఉంచుతుంది. ఆగిన చోటల్లా కారి కాలవలో, చెరువులో కలుస్తుంది. రొయ్యల చెరువు గట్టు మీద బండి ఆపి అది కార్చారంటే రైతు ఊరుకోడు. డీజిల్ అయితే ఎక్కువ రోజులు నిలవదు, పాత తారు పూతని మెత్తబరచి పోతుంది. లారీలది అవసరం కొద్దీ వచ్చిన అలవాటు, తప్పు పట్టను. ఈ రేకుకి మాత్రం చాలదు.


కాలవగట్టు_భీమవరం:

మిగిలినవి రెండు మూడు. ఫ్లోర్ చిల్లు పడిన చోట పైన ఏముందో చూడండి. క్యాంపర్లలో చాలాసార్లు తుప్పు కిందనుంచి కాదు, ప్లైవుడ్‌కీ రేకుకీ మధ్య నుంచి వస్తుంది. సింకు పైపు చెమర్చినా, తడికాళ్లతో ఎక్కినా ఆ నీళ్లు ప్లై కింద చేరి నెలల తరబడి ఉంటాయి. అతుకు వేసేటప్పుడు ప్లై ఎత్తుతారు కాబట్టి పైవైపు కూడా ఎపాక్సీ రాయండి. మంచం, అల్మారాలు బిగించడానికి ఫ్లోర్‌లోంచి దించిన బోల్టులు ఒక్కొక్కటీ విప్పి, చిల్లు అంచుకి ప్రైమర్, వాషర్ కింద సీలెంటు పెట్టి మళ్లీ బిగించండి. డ్రిల్లు వేసిన అంచు ఎప్పుడూ పచ్చి ఇనుమే.

వాడిన నీళ్ల ట్యాంకు గొట్టం మెంబరు పక్కనే ముగిసి ఉంటే, దాన్ని మెంబరు కింది అంచుకంటే జానెడు కిందికి దింపండి. చేపలు కడిగిన నీళ్లు, సబ్బు నీళ్లు రోజూ అక్కడే చిమ్ముతుంటే ఏ వాక్సూ ఆగదు.

బండి నిలిపే చోటు మార్చగలిగితే సగం పని తగ్గుతుంది. కొబ్బరితోట మట్టిలోంచి రాత్రంతా చెమ్మ లేస్తుంది, గడ్డి ఆ చెమ్మని బండి కింద పట్టి ఉంచుతుంది. నాలుగు అంగుళాల కంకర పరిచినా మేలే, కాంక్రీటు అయితే ఇంకా మేలు. టార్పాలిన్ నేలదాకా కప్పొద్దు, చక్రాల పైదాకా చాలు, కింద గాలి ఆడాలి.

బీచికి వెళ్లొచ్చిన మర్నాటికల్లా మంచినీళ్లతో అడుగు కడగండి, ముఖ్యంగా వీల్ ఆర్చుల పై మడతలు. వాక్స్ పూతని అక్టోబరు వానలకి ముందొకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి చూసి, చక్రాల వెనక పలచబడిన చోట లీటరులోపు మందుతో అతుకు పూత వేసుకుంటే చాలు. లోపలి వాక్స్ రెండు మూడేళ్లకోసారి.


ఉప్పుగాలి_మలికిపురం:

ట్యాంకు గొట్టం సరిగ్గా ఎడమ మెంబరు పక్కనే ఉందండి, ఆ మొద్దు చప్పుడు వచ్చిన చోటికి మూరెడు ముందు. గ్యాస్ పెట్టె కింద రంధ్రం ఉంది, పాత కోటింగ్‌తో సగం పూడిపోయి ఉంది. సిలిండరు దించేశాం. ఫిబ్రవరిలో పని మొదలు. అంతవరకు కడగడం తప్ప ఏమైనా పూయాలా?


రేకుపని_రావులపాలెం:

పూయకండి. ఊడుతున్న కోటింగ్ మాత్రం ఇప్పుడే లాగేయండి, కింద గాలి తగిలి ఆరుతుంది; ఎర్రగా కనబడినా ఫరవాలేదు. చిల్లు మీద లోపలివైపు నుంచి ఒక టేపు ముక్క వేసి ఉంచండి, నీళ్లు ప్లై కిందికి ఎక్కకుండా. గ్యాస్ రంధ్రం ఇవాళే తెరవండి.